ఇంటికొక తల

పెనుకొండ,
11 జూలై 1937

అత్తకు నాగరాజు నమస్కారాలు.

హిందూపురంలో అమ్మా నాయనా బాగున్నారు. అంగడిలో నూలు బేరం ఎప్పటిలాగే సాగుతోంది, నాయన గొణుగుడు కూడా ఎప్పటిలాగే సాగుతోంది. బి.ఏ. చదివినవాడు అంగట్లో కూర్చోకుండా ఊళ్ళు పట్టుకుని తిరుగుతాడా అని ఆయన బాధ. నేనిప్పుడు పెనుకొండలో, కొండ కింద ఒక చిన్న గదిలో ఉన్నాను. మద్రాసు నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు గారి దగ్గర సహాయకుడిగా కుదిరాను.

నవ్వకుండా విను. ఆయన పని మనుషుల్ని చదవడం. ఒక ఊరి జనం ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఒక వీధి ఎందుకు పెరిగింది, పక్క వీధి ఎందుకు తరిగింది, ఇదంతా. ఇంతవరకూ ఈ పని చేసినవాళ్ళు తలా ఒక దారి పట్టారట. ఒకరు ఇండ్లు తిరిగి లెక్క రాసుకుంటారు. ఇంకొకరు తలలూ ముక్కులూ కొలుస్తారు. మరొకరు ముసలివాళ్ళ పక్కన చేరి వంశాల కథలు వింటారు. ఒకరి పని ఇంకొకరికి గిట్టదు. మా ప్రొఫెసరు గారు మూడూ కలిపి ఒకే వీధిలో చేయాలంటారు. లెక్క, కొలత, కథ. మూడూ ఒకే మాట చెప్తే నమ్మవచ్చు. తలా ఒక మాట చెప్తే మనం అడగడంలోనే ఎక్కడో పొరపాటు ఉన్నట్టు. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, పడుగూ పేకా కలిస్తేనే గదా చీర.

నేతవాళ్ళ వీధి ఒకటి కావాలంటే ధర్మవరంలో మీ వీధి పేరు చెప్పాను. శ్రావణంలో వస్తాను. ఈలోగా మీ వీధిలో ఎవరు ఎవరికి ఏమవుతారో నీకు తెలిసినంత రాసి పంపాలి. మేనరికాలు, అక్క కూతుళ్ళను చేసుకోవడాలు మన వైపు మరీ ఎక్కువైనాయని, చదువుకున్న కుర్రవాళ్ళు ముందుగా వాటిని మానాలని ప్రొఫెసరు గారు అంటారు. ఎంత గొప్ప ఆలోచనో చూడు.

నీ కూతురు బుజ్జమ్మ ఎట్లా ఉంది? ఆమెకని కాదు గానీ ఒక పెన్సిలు పంపుతున్నాను. ఒక కొసన ఎరుపు, ఒక కొసన నీలం. వంశాల పటం గీసేటప్పుడు ఆడవాళ్ళను ఎరుపుతో, మగవాళ్ళను నీలంతో గీస్తే నాకు సులువుగా ఉంటుంది. ఆమె చేతిరాత బాగుంటుంది గనక ఆమే గీస్తే మేలు.

మామకు నమస్కారాలు.

నీ మేనల్లుడు,
నాగరాజు, బి.ఏ.


ధర్మవరం,
ఈశ్వర నామ సంవత్సర ఆషాఢ బహుళ విదియ

నాగరాజుకు అత్త అనసూయమ్మ ఆశీస్సులు.

నీ జాబు అందింది. సొంత మేనత్తకు కూడా బి.ఏ. అని సంతకం పెట్టే పిల్లోణ్ణి నేను ఇదే చూడటం. ఇంగ నుంచి నేనూ అనసూయమ్మ, మగ్గం మనిషి అని పెడతా.

పడుగూ పేకా అని రాస్తివి. మగ్గం గుంతలో ఎన్నడూ కాలు పెట్టనోళ్ళే ఆ మాట రాస్తారు. పడుగూ పేకా కలిస్తే చీర కాదబ్బా. కలిపేటోడు మధ్యలో లేచి పోకుంటే చీర.

సరే, అడిగినావు కాబట్టి చెప్తాండా. మా ఎదురింటి పోతులయ్య తన అక్క కూతురినే చేసుకున్నాడు. అందువల్ల పోతులయ్య అమ్మ కుళ్ళాయవ్వ ఆ పిల్లకు అత్తా అవుతాది, అమ్మమ్మా అవుతాది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు జగడమాడితే కోడలు పోయి చెప్పుకోను ఇంకో ముసలమ్మ లేదు. జగడమాడిన ఒళ్ళోనే తల పెట్టి ఏడుస్తాది. వాళ్ళ కూతురు నీలావతి, మన బుజ్జమ్మ ఈడుదే. మూల ఇంటి లింగప్ప మేనమామ కూతురిని చేసుకున్నాడు, ఆయన చెల్లెల్ని ఆ మేనమామ కొడుకుకే ఇచ్చినారు. అందువల్ల ఈ ఇంట్లో మొగుడు పెండ్లాన్ని కొడితే ఆ ఇంట్లో పులుసులో ఉప్పు ఎక్కువ పడతాది. మిగతావన్నీ పటంలో ఉండాయి, చూసుకో. బుజ్జమ్మే గీసింది. నీ పెన్సిలు మాత్రం ఎవురినీ తాకనియ్యలా.

కుళ్ళాయవ్వకు నూరేండ్లు. ఇది రాసుకో.

ఇంగొక మాట. బుజ్జమ్మ ఉయ్యాలలో ఉన్నప్పుడు మా అన్న, అంటే మీ నాయన, ఉయ్యాల తాడు పట్టుకుని 'ఇది మా ఇంటి కోడలు' అన్నాడు. పక్కన నువ్వు బెల్లం ముక్క చీకుతా నిలబడి ఉంటివి. ఇప్పుడు మేనరికాలు మానాలని మీ ప్రొఫెసరు చెప్తే గొప్ప ఆలోచన అని రాస్తివి. సంతోషం. మీ మామకు చదివి వినిపించినా. ఆయన మగ్గం నేస్తానే ఉన్నాడు. ఆ పొద్దు నేసిన అంచు మాత్రం తప్పు పడింది, విప్పి మళ్ళీ నేసినాడు.

శ్రావణంలో రా. అన్నం పెడతాం.

అనసూయమ్మ, మగ్గం మనిషి


పెనుకొండ,
29 ఆగస్టు 1937

అత్తకు నమస్కారాలు.

మీ ఇంటి నుంచి వచ్చి వారమైంది. ఇప్పటికి కాగితాలన్నీ ఒక కొలిక్కి వచ్చాయి. నువ్వు పంపిన పటం చూసి ప్రొఫెసరు గారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

ఎందుకో చెప్తాను. 'పెండ్లికి ముందు మీ ఇద్దరికీ చుట్టరికం ఉందా' అని ఇంటింటా అడిగాను గదా. వీధి వీధంతా లేదన్నారు. నేతవాళ్ళు మేనరికాలు మానేశారని ప్రొఫెసరు గారు మద్రాసుకు ఉత్తరం కూడా రాసేశారు. తీరా నీ పటం పక్కన పెట్టి చూస్తే బయటి సంబంధం ఒక్కటీ లేదు! మళ్ళీ కాగితాలు తిరగేశాను. పోతులయ్య మామ నాతో అన్నమాట అందులో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. "చుట్టరికమేంటికప్పా ఉంటాది? మా అక్క కూతురు గదా!" మేనమామ కూతురూ అక్క కూతురూ ఇంటి మనుషులే గానీ చుట్టాలు కారట. లెక్క ఒక్కటే నమ్ముకుని ఉంటే మా పని గోవిందా.

అట్లాగని నీ కథ కూడా గొప్పగా లేదులే. నువ్వు చెప్పినట్టు కుళ్ళాయవ్వకు నూరేండ్లయితే ఆమె వాళ్ళ అమ్మ కంటే ముందు పుట్టింది.

కొలతలు కూడా బాగానే సాగాయి. నియమం ఏమిటంటే ఇంటికొక తల. ఆ ఇంట్లో ఎవరిది కొలవాలో చీటీ వేసి తీస్తాము. పోతులయ్య మామ ఇంట్లో చీటీ నీలావతికి వచ్చింది. ఆ పిల్ల నా వంకర కాళ్ళ ఇనుప కంపాసు చూసి ఒకటే ఏడుపు. ఏం చేయను, మగ్గం మీద నుంచి ఒక పట్టుపోగు తీసుకుని, మెల్లిగా నుదుటి చుట్టూ పట్టి కొలిచాను. రూళ్ళకర్ర నీ ఇంట్లో ఉండిపోయింది గనక ఆ దారం మడిచి జేబులో పెట్టుకున్నాను. చూడాలి అత్తా వాళ్ళ మర్యాద! టెంకాయ ఇచ్చారు, తాంబూలం ఇచ్చారు, బెల్లం నోట్లో పెట్టారు. కొలిచేవాళ్ళ పట్ల నేతవాళ్ళు ఎంతో ఆదరంగా ఉంటారని నివేదికలో ఒక పేరా రాశాను.

మీ ఇంట్లో మాత్రం ఎవరి తలా కొలవలేదు. సొంతవాళ్ళను కొలవకూడదని నియమం.

బుజ్జమ్మ ఉన్నన్నాళ్ళూ వంటింట్లో నుంచి బయటికి రాలేదు, ఒంట్లో బాగానే ఉందా? నా టోపీ మీ పంచలో కొయ్యకు తగిలించి మరిచాను. ఇక్కడ ఎండ మండిపోతోంది. ఎవరైనా ఇటు వస్తుంటే పంపు.

నాగరాజు


ధర్మవరం,
భాద్రపద శుద్ధ దశమి

నాగరాజుకు ఆశీస్సులు.

నువ్వు పోయినాక వీధిలో అందరూ నీ మాటే. నీలావతి మంచి పిల్ల. పని తెలిసిన పిల్ల. నోరు కొంచెం ఎక్కువ, అది మీ ఇండ్లల్లో సరిపోతాదిలే. నీకు నచ్చినాక మాకేమి ఉంటాది చెప్పు? పోతులయ్య నిన్న మీ మామను పట్టుకుని 'బావా' అని రెండుసార్లు పిలిచినాడు. ఆయన పోయి మగ్గం గుంతలో దిగినాడు.

మా ఇంటి తలలు నీ లెక్కకు రాలేదని చెప్పినావు. చూసినాము. వీధిలో ప్రతి గడపా ఎక్కినావు, మా గడప మీద కూర్చుని మజ్జిగ తాగి లేచిపోయినావు. నియమం ఉంటే ఏం చేస్తావు పాపం.

బుజ్జమ్మ ఒంటికి ఏమీ లేదు.

కార్తీకంలో మా ఇంటికి తనకల్లు నుంచి పెద్దమనుషులు వస్తాండారు. ఎందుకో నీకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు గదా, బి.ఏ. చదివినావు.

టోపీ వెతికినాము. కనపడలా. ఎలుకలు ఎత్తుకపోయి ఉంటాయి.

అనసూయమ్మ


పెనుకొండ,
3 అక్టోబరు 1937

అత్తా,

నీ జాబు చదివి ప్రాణం లేచివచ్చింది. మొదటి జాబులో నన్ను కొంచెం ఎగతాళి చేశావు గానీ ఇప్పుడు నా పని విలువ నీకు తెలిసింది. వీధంతా నా మాటే చెప్పుకుంటున్నారంటే ఎవరికి సంతోషంగా ఉండదు?

ఒక చిన్న చిక్కు వచ్చింది. నీలావతిని కొలిచిన దారం జేబులోనే ఉండి చొక్కాతో పాటు చాకలికి పోయింది. కాబట్టి మళ్ళీ ఒకసారి వచ్చి ఆ పిల్లకు దారం పట్టాలి. దసరా వెళ్ళాక వస్తానని పోతులయ్య మామతో ముందుగా చెప్పి ఉంచు. ఈసారి ఉత్తచేతులతో రాను, మొన్న అంత మర్యాద చేశారు గనక పండ్లూ పూలూ తెస్తాను.

తనకల్లు వాళ్ళ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదులే, చీరల బేరానికే గదా. వాళ్ళు ఉండగా నాకు కబురు చేయి. అటువైపు తలలు మాకు ఒక్కటీ లేవు. ఎంత వెడల్పు ఉంటాయో చూడాలి.

ఇంకొక మాట, ఎట్లా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చించాను. నువ్వు పంపిన పటం రోజూ చూస్తుంటాను. చదువు కోసమే. అందులో బుజ్జమ్మ పేరు ఎర్రగా రాసి, పక్కన నీలం రాయాల్సిన చోట ఖాళీగా వదిలేసి ఉంది. ఆ ఖాళీ చూసినప్పుడల్లా మనసు అదోలా అవుతుంది. తొందరగా అక్కడ ఒక పేరు నింపి పంపితే బాగుంటుందని నా కోరిక. ఎవరి పేరో నేను నోరు విడిచి చెప్పాలా? నువ్వు పెద్దదానివి, నీకే తెలుసు.

టోపీని ఎలుకలు ఎత్తుకుపోవడం ఎక్కడైనా ఉందా? ఇంకోసారి వెతుకు.

నాగరాజు


ధర్మవరం,
ఆశ్వయుజ బహుళ చవితి

నాగరాజుకు.

ఆశీస్సులు రాయడానికి చెయ్యి రాలా, తర్వాత ఎప్పుడన్నా రాస్తా.

ఇంతవరకూ కడుపులో పెట్టుకున్నా. ఇంగ నా వల్ల కాదు. నీలావతిని చేసుకుంటే చేసుకో, ఎవురు వద్దన్నారు? మళ్ళీ దారం పట్టను వస్తా, పండ్లూ పూలూ తెస్తా, నువ్వే పోయి చెప్పు అని నాకు రాస్తావా? కన్నకూతురు ఇంట్లో పెట్టుకున్న నేను ఎదురింటికి పోయి 'మా నాగరాజు నీ పిల్లకు పూలు తెస్తాండాడు' అని చెప్పాల్నా? పోయి చెప్పినా. నా నోటితోనే చెప్పినా. వాకిట్లో కుళ్ళాయవ్వ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, ఆమెకు సంతోషం, నాకు ఇంకోటి.

ఒకవేళ నీకు నిజంగా తెలియదేమో అని మీ మామ అంటాండాడు. ఆయన మంచోడు. అందుకని చెప్తాండా. మా వీధిలో సంబంధం కుదిరితే మగపెండ్లివాళ్ళు వచ్చి, పిల్ల ఇంటి మగ్గం మీదనే ఒక పట్టుపోగు తీసి, పిల్ల నుదుటి చుట్టూ పట్టి, ఆ దారం జేబులో పెట్టుకుని పోతారు. ఆ కొలతకే బాసికం కట్టిస్తారు. దారం పట్టినాక ఇచ్చిన టెంకాయ తీసుకుంటే కుదిరినట్టు. నువ్వు టెంకాయ తీసుకుని, బెల్లం తిని, వేళ్ళు కూడా నాకినావంట. వీధిలో అందరికీ ఇనుము, నీలావతికి ఒక్కదానికే పట్టు! పోతులయ్య అప్పుడే పెండ్లి చీర మగ్గానికి ఎక్కించినాడు. మామిడిపిందెల అంచు. మా ఇంట్లోకి టక్ టక్ అని వినపడతానే ఉంటాది.

ఖాళీ నింపమని అడిగినావు. ఆ మాట చదివి బుజ్జమ్మకు చెప్పను నాకు నోరు రాలా. నింపుతాండాము నాయనా. తనకల్లులో జవళి అంగడి ఉన్నోళ్ళ పిల్లోడు, పేరు తిమ్మరాజు. కార్తీక పౌర్ణమికి తాంబూలాలు. వాళ్ళు చీరల బేరానికి వస్తాండారని రాస్తివి. తల వెడల్పు కొలవాలని కూడా రాస్తివి. నీకంత వేళాకోళంగా ఉండామా మేము?

అనసూయమ్మ


పెనుకొండ,
29 అక్టోబరు 1937

అత్తా! అత్తా! అత్తా!

నీ జాబు ఇప్పుడే వచ్చింది. తొందరలో రాస్తాండా, తప్పులుంటే దిద్దుకుని చదువు.

నాకు తెలియదు. కొండ మీద ప్రమాణం చేస్తా. నాయన నన్ను హిందూపురంలో అంగడి మూటల మధ్య పెంచినాడు, మగ్గం ఎట్లుంటాదో కూడా సరిగ్గా చూడనోణ్ణి, దారానికి ఇంత కత ఉండాదని నాకు ఎవురు చెప్పినారు? ఆ పిల్ల ఏడుస్తాంటే ఇనుము బదులు పట్టు పెట్టినా, అంతే. బెల్లం బాగుంటే తిన్నా, అంతే.

బుజ్జమ్మ పక్కన ఖాళీలో నా పేరు రాయమని అడిగినా అత్తా! నా పేరు! సిగ్గుపడి మెలికలు తిప్పి రాసినా. ఇప్పుడు తిన్నగా రాస్తాండా. నాకు బుజ్జమ్మ కావాల. పెన్సిలు పంపింది ఆమెకే. ఆమెకని కాదని రాసిన నోట్లో మట్టి పడ. మీ ఇంట్లో తలలు కొలవలేదెందుకంటే మీరు నా సొంతవాళ్ళు కాబట్టి. ఆ నియమం చదివినప్పుడు నాకు ఎంత గర్వంగా ఉండిందో తెలుసునా? మేనరికాల మాట ప్రొఫెసరు గారిది. బుజ్జమ్మ కూడా ఆ లెక్కలోకే వస్తాదని నా మొద్దు బుర్రకు తట్టలేదు. ఆమెను నేనెప్పుడూ మేనరికం అనుకోలేదు, బుజ్జమ్మ అనే అనుకున్నా. పోతులయ్య మామ చెప్పింది నిజమే.

(నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను.)

ప్రొఫెసరు గారికి అంతా చెప్పేశాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నాగరాజూ, నువ్వు పరిశీలించేవాడివా, పరిశీలన కింద ఉన్నవాడివా?" అని అడిగారు. రెండూ అని చెప్పాను. ఆయన నవ్వారు. ఇంటికొక తల అన్న నియమమే కొంప ముంచిందని, ఒక్క తలకే దారం పడితే అది పెండ్లి గానీ వీధిలో ప్రతి తలకూ పడితే అది శాస్త్రమే అవుతుందని ఆయనే అన్నారు. మూడు పద్ధతులూ కలపడం తెలిసిన మనిషి గదా!

కాబట్టి అత్తా, నువ్వే నన్ను కాపాడాలి. నేనే వద్దామనుకున్నా. పోతులయ్య మామ నన్ను చూస్తే పోగు నేసే నాడెతో కొడతాడు. రైల్లో ఒక మనిషి చేత పట్టుదారం ఉండ, ప్రొఫెసరు గారు సంతకం పెట్టిన కాగితం పంపుతున్నాను. ఆ కాగితంలో 'అనసూయమ్మ గారిని ఈ పరిశోధనలో కొలతలు తీయడానికి నియమించడమైనది' అని ఉంది. వీధిలో ఒక్క తల విడవకుండా దారంతో కొలువు. ముసలీ ముతకా, పెండ్లయినవాళ్ళూ కానివాళ్ళూ, బట్టతలలూ జడలూ అందరినీ. ముందు కుళ్ళాయవ్వతో మొదలుపెట్టు.

పౌర్ణమి దగ్గర పడుతోంది. ఆమె ఏమంటుందో అడుగు. కాదంటే నేను ఇంక ధర్మవరం ముఖం చూడను, ఈ వంకర కంపాసు తీసుకుని ఎటైనా పోతా.

నీ
నాగ


ధర్మవరం,
కార్తీక శుద్ధ ఏకాదశి

చిరంజీవి నాగరాజుకు అత్త ఆశీస్సులు. బాకీ ఉన్నవి కూడా కలిపి తీసుకో.

నీ జాబు మూడుసార్లు చదివినా. మొదటిసారి నిన్ను తిట్టినా, రెండోసారి నన్ను తిట్టుకున్నా, మూడోసారి మీ మామకు వినిపించినా. ఆయన మగ్గం ఆపి 'నేను చెప్పలేదా' అన్నాడు. ఇంగ నన్ను వారం దినాలు ఇట్లే సాధిస్తాడు.

దారం ఉండ చేతిలో, కాగితం రొంటిలో పెట్టుకుని వీధిలోకి దిగినా. పోతులయ్య వాకిట్లో కుళ్ళాయవ్వ ఎండకు కూర్చుని ఉండింది. గబుక్కున నుదుటికి దారం పట్టినా. ఆమె దారం తడిమి చూసుకుని, "ఏమే అనసూయా, నాకు ఎవుర్ని చూసినారే? పండ్లున్నోణ్ణే చూడండి" అనింది. వీధంతా నవ్వింది. అది అయినంకనే నా పని సులువైంది. లింగప్ప బట్టతలకు దారం జారి ముక్కు మీద పడతాంటే ఆయన పెండ్లామే పట్టుకుని నిలబడింది. మొగోళ్ళు వరస కట్టినారు. 'నా తల పెద్దదా వాని తల పెద్దదా' అని జగడం కూడా పడినారు. మీ ప్రొఫెసరుకు కొలతలన్నీ పంపుతాండా, ఒక్కొక్క దారానికి ఒక్కొక్క చీటీ కట్టింది బుజ్జమ్మ. కుళ్ళాయవ్వ వయసు కూడా సరిచేసినా. ఆమెను అడిగితే అరవై అనింది, ఇప్పుడు పెండ్లికూతురు గదా.

పోతులయ్య మాత్రం మొహం ఎర్రగా చేసుకుని మగ్గం గుంతలో నుంచి లేవలా. "మా పిల్లకు పట్టినదీ, లింగప్ప బోడి తలకు పట్టిందీ ఒకటేనా?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. అప్పుడు నీలావతి లోపల నుంచి వచ్చి అందరి ముందరా చెప్పింది. "నాయనా, ఆ కొలతల మనిషిని నేను ఒల్లనని మూడు నెలల నుంచి అమ్మకు చెప్తానే ఉండా. నన్ను ఎవురన్నా అడిగినారా?" పోతులయ్య పెండ్లాం వైపు చూసినాడు. ఆమె అవ్వ వైపు చూసింది. అవ్వ నా వైపు చూసింది.

విను నాయనా. నువ్వు లెక్క రాసినావు, కొలత తీసినావు, నేను కతలన్నీ చెప్పినా. పక్కింటి వాళ్ళ ముత్తాత పేరు కూడా చెప్పినా. నా కూతురిని మాత్రం నేనూ అడగలా. నువ్వు నీలావతిని కోరుకున్నావని నాకు నేనే అనుకుని, బుజ్జమ్మకు తనకల్లు సంబంధం చూసి, అది వంటింట్లో కూర్చుని ఉంటే సిగ్గు అనుకున్నా. నేను మంచి తల్లినని అనుకుంటా ఉంటి.

ఇంటికి వచ్చినా. మా ఇంట్లో తలలు కొలవకూడదని మీ ప్రొఫెసరు నియమం, నాది కాదు. దారం తీసి, 'రావే బుజ్జీ, నీది కూడా కొలవాల, ముందు ఒక మాట చెప్పు' అన్నా. అది నా మొహం చూసి, "నాది నేను ఎప్పుడో కొలుచుకున్నా" అనింది. పోయి తన పెట్టె తెరిచింది. అడుగున, చీరల కింద, నీ టోపీ ఉండాది. దాని చుట్టూ ఒక పట్టుదారం పట్టి ముడేసి ఉండాది. పక్కనే ఇంకో దారం, బుజ్జమ్మ నుదుటిది, నీ దారానికే కట్టి ఉండాది. నువ్వు వచ్చిన మొదటి పొద్దే పంచలో కొయ్య మీద నుంచి తీసిందంట. నువ్వు ఎదురింట్లో దారం పట్టక ముందే.

నేను ఏడ్చినా. అది ఏడవలా. "ఎలుకలని నువ్వే రాస్తివి గదమ్మా" అని నవ్వింది.

మీ మామ నిన్ననే తనకల్లుకు పోయి కూర్చుని చెప్పి వచ్చినాడు. వాళ్ళు నాలుగు మాటలన్నారు, పడినాడు. తిమ్మరాజు ఇప్పుడు ఖాళీగానే ఉన్నాడని పోతులయ్య చెవిలో వేసినా, ఈసారి ముందు నీలావతినే అడగమని కూడా చెప్పినా. ఆ మామిడిపిందెల చీర మాత్రం మగ్గం దిగినాక మనకే అమ్ముతాడంట, నీ మీద కోపానికి ధర రెట్టింపు చెప్తాండాడు. తీసుకుంటాం. మీ ప్రొఫెసరును కూడా పెండ్లికి పిలుచుకురా. మేనరికాలు ఇంకొకటి పెరిగిందని రాసుకోమను. వీధిలో ఆయన తల ఒక్కటే మిగిలింది, అది కూడా కొలుస్తాం.

నువ్వు పటం పట్టుకునే రా. ఆ ఖాళీ నేను నింపను, బుజ్జమ్మ కూడా నింపదంట. నీలం కొస చెక్కి పెట్టింది.

టోపీ పంపమని ఇంగ రాయొద్దు. దాన్ని ఎవురితోనూ పంపను. తల తెచ్చి పెట్టుకుని పో.

అనసూయమ్మ,
తలల కొలతకు నియమించడమైనది